నీళ్లకీ ఒడ్డుకీ మధ్య పది అడుగులు

స్నార్కెలింగ్‌కి, అంటే మాస్కూ ఊపిరి గొట్టమూ పెట్టుకుని నీళ్లమీద బోర్లా తేలుతూ కిందున్నది చూడటానికి, వెళ్దామనుకునేవాళ్లు మాస్కు గురించి పదిమందిని అడుగుతారు. అద్దం మసకేస్తుందా, గొట్టంలోకి నీళ్లొస్తాయా అని ఆరా తీస్తారు. కాళ్లకేం వేసుకోవాలన్నది మాత్రం బయల్దేరే ముందు రోజు రాత్రి గుర్తొస్తుంది. గుమ్మం దగ్గరున్న స్లిప్పర్లు సంచిలో పడతాయి, పని అయిపోతుంది. నీళ్లమీద బోర్లా తేలుతున్నంతసేపూ ఆ అశ్రద్ధ వల్ల పెద్దగా నష్టం లేదు, పాదం దేన్నీ తాకదు కాబట్టి. చిక్కంతా తేలడం మొదలుపెట్టే ముందూ, అయ్యాక లేచి నిలబడేటప్పుడూ. మోకాలి లోతు నీళ్లు, కింద ఏముందో కనపడదు, వెనకనుంచి అల ఒకటి వచ్చి నెడుతుంది, ఒంటి బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. ఆ పాదం కింద మెత్తటి ఇసుక ఉందో, బ్లేడు లాంటి గుల్ల ఉందో తెలిసేది అప్పుడే.

అందుకే ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్నకంటే ముందు నీళ్లదాకా వెళ్లే దారి ఎలాంటిదో తెలుసుకోవాలి. ఆ దారిలో మూడు రకాల నేల వస్తుంది. ఎండలో కాగిన పొడి ఇసుక ఒకటి. తడి రాళ్లు, నాచు, గుల్లలు ఉండే నీటి అంచు రెండోది. కాలికి నేలే అందని లోతు మూడోది. ఒకదానికి పనికొచ్చింది ఇంకోదానికి అడ్డమవుతుంది. మూడింటికీ ఇదొక్కటే చాలు అని అమ్మే జోళ్లు సాధారణంగా మూడు చోట్లా అరకొరగానే పనిచేస్తాయి.

పొడి ఇసుక సంగతి తేలిక. రేణువుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి ఇసుకలో వేడి కిందికి దిగదు, పైపొరలోనే పేరుకుంటుంది. మండుటెండలో ఆ పైపొర 50 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. నాలుగు వేళ్ల లోతున అదే ఇసుక చల్లగా ఉంటుంది. కాళ్లు కాలుతున్న పిల్లలు పరుగు ఆపి పాదాలను ఇసుకలోకి కూరుకోవడం వెనకున్న శాస్త్రం ఇంతే. తడి ఇసుకలో నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది కాబట్టి అక్కడ బాధ లేదు. ఈ కాస్త దూరానికి ఏ స్లిప్పరైనా చాలు.

ఒక్క మినహాయింపు ఉంది, అది చిన్నది కాదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఇసుక కాలుతున్నట్టు తెలియదు. గాజు పెంకు దిగినా తెలియదు. సాయంత్రం గదికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే బొబ్బ కనిపిస్తుంది, అప్పటికే ఆలస్యమై ఉంటుంది. అలాంటివాళ్లు ఒడ్డునైనా, నీళ్లలోనైనా ఒట్టి కాళ్లతో ఉండకూడదు. వేళ్లు కప్పి ఉండేవే వేసుకోవాలి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. జోడులో చిక్కిన చిన్న గులకరాయి మామూలు మనిషిని విసిగిస్తుంది, స్పర్శ లేని పాదానికి పుండు చేస్తుంది. కుక్కలూ పిల్లులూ తిరిగే తీరాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. వాటి విసర్జన నుంచి వచ్చే కొంకిపురుగుల పిల్లలు ఒట్టి పాదాల చర్మంలోకి దూరి, ఎర్రటి గీతలా పాకుతూ దురద పెడతాయి. దీన్ని ఆపడానికి కూడా మామూలు చెప్పులే చాలు.

ఇక హవాయి చెప్పులు. వీటి మూలం జపాన్‌లోని జోరి అనే గడ్డి చెప్పులు. బ్రెజిల్‌లో 1962లో మొదలైన హవాయియానాస్ రబ్బరు చెప్పుల మీద బియ్యపు గింజల్లాంటి నగిషీ ఉండటానికి కారణం ఆ గడ్డి చెప్పులే. ఇసుకమీద నడవడానికి వీటిని మించినవి లేవు. విదిలిస్తే ఇసుక పోతుంది, కడిగితే క్షణంలో ఆరతాయి. నీటి అంచు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మారిపోతుంది. ఈ చెప్పును పట్టి ఉంచేది బొటనవేలి సందులోని పట్టీ ఒక్కటే. వెనక్కి వెళ్లే అల చెప్పును లాగుతుంది, వేళ్లు దాన్ని గోళ్లతో పట్టుకున్నట్టు ముడుచుకుంటాయి, నడక తడబడుతుంది. పైగా జారడం రెండు చోట్ల జరుగుతుంది. చెప్పు రాయిమీద జారకపోయినా, తడిసిన పాదం చెప్పుమీద జారి పక్కకు పోతుంది. చీలమండ బెణికేది అలాగే. తేలికరకం నురుగు చెప్పులైతే నీళ్లలో పైకి తేలుతూ మడమను కూడా ఎత్తేస్తాయి.

చిల్లులున్న నురుగు జోళ్ల పరిస్థితి దీనికంటే కొంచెమే మెరుగు. 2002లో వచ్చిన క్రాక్స్‌ను మొదట పడవ మీద వేసుకునే జోడుగానే అమ్మారు. పడవ డెక్కు మీద వాటికి వంక పెట్టక్కర్లేదు. కానీ వదులుగా ఉండటమే వాటి సుఖం, అలల్లో ఆ వదులే వాటి లోపం. ఎండలో నిలిపిన కారులో ఇలాంటి నురుగు జోళ్లు మర్చిపోతే వేడికి ముడుచుకుపోయి ఒక సైజు తగ్గుతాయి కూడా. పట్టీల శాండల్స్ కాలిని బాగానే పట్టి ఉంచుతాయి గానీ, పక్కల నుంచి గులకరాళ్లు దూరి అరికాలి కింద చేరతాయి, వేళ్లకేమో రక్షణ ఉండదు. తోలు జోళ్ల ఊసే వద్దు. ఉప్పునీళ్లలో ఒకసారి నాని ఎండితే అవి చెక్కలా తయారవుతాయి.

అలాగని ప్రతివాళ్లూ కొత్తగా కొనాల్సిందేనని కాదు. ఏడాదికి ఒకసారి, అదీ రాళ్లున్న తీరానికి వెళ్లేవాళ్లకు ఇంట్లో మూలన పడున్న పాత పరుగు బూట్లే సన్నటి వాటర్ షూస్ కంటే మేలు. అవి బరువెక్కుతాయి, ఆరడానికి రెండు రోజులు పడుతుంది, చూడటానికి బాగుండవు. కానీ వాటి అడుగు మందం. లేసులు గట్టిగా బిగిస్తే అల లాగినా ఊడిపోవు.

వాటర్ షూస్ పేరుతో దొరికేవాటిలో నిజానికి రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి అడుగున పల్చటి రబ్బరు అతికించిన మేజోడు. చుట్టి జేబులో పెట్టుకోవచ్చు. ఈతకొలనుకీ, ఇసుక అడుగున్న తీరానికీ సరిపోతుంది. రెండోది వల లాంటి పైభాగం, వేళ్లకు రబ్బరు కవచం, అడుగున నీళ్లు పోయే చిల్లులూ ఉన్న అసలు సిసలు జోడు. ఫొటోల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఒక చెయ్యి జోడు లోపల పెట్టి, రెండో చేతి బొటనవేలితో అడుగు నుంచి గట్టిగా నొక్కి చూడాలి. గోరు ఎక్కడుందో లోపలి చేతికి తెలిసిపోతోందంటే, రాయి మొన కూడా అరికాలికి అంతే స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత జోడును మెలితిప్పి చూడాలి. తడి బట్టలా మెలి తిరిగిందంటే అది మేజోడు కిందే లెక్క. వేళ్లు మడిచే చోట వంగి, నడుమ గట్టిగా నిలిస్తే రాళ్లమీద నమ్మొచ్చు. పైనున్న వల మరీ పెద్ద కళ్లదైతే నీళ్లతోపాటు ఇసుకా లోపలికి వస్తుంది, బయటికి పోయేది మాత్రం నీళ్లే. అరగంట నడిచేసరికి ఆ ఇసుక ఉప్పుకాగితంలా మడమను గీకేస్తుంది.

సైజు విషయంలో మామూలు బూట్ల అలవాటు ఇక్కడ పనికిరాదు. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉంచుకోవాలన్నది నేలమీద నడిచే జోళ్ల సూత్రం. నీళ్లలో ప్రతి ఖాళీనీ నీరు నింపుతుంది. లీటరు నీరు కిలో బరువు. జోడులో 200 మిల్లీలీటర్ల ఖాళీ ఉందంటే, నీళ్లలోంచి కాలు పైకెత్తిన ప్రతిసారీ 200 గ్రాములు అదనంగా ఎత్తుతున్నట్టే. బిగుతుగా, మేజోడు తొడిగినట్టు ఉండాలి, వేళ్లు మాత్రం ముడుచుకోకూడదు. తడిస్తే బట్ట కొంత సాగుతుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. దుకాణంలో సరిగ్గా ఉందనిపించింది నీళ్లలో వదులవుతుంది.

పట్టు గురించి అమ్మేవాళ్లు చెప్పేవి సగమే నమ్మాలి. తడి నేలమీద జారకుండా చేసేది పైకి కనిపించే పెద్ద పెద్ద గళ్లు కాదు, రబ్బరు మెత్తదనమూ, అందులో కోసిన సన్నటి గీతలూ. 1935లో పాల్ స్పెర్రీ అనే అమెరికన్ పడవ షికారీ తన కుక్క మంచుమీద జారకుండా పరిగెత్తడం చూసి, దాని పాదాల కింది గీతలను అనుకరిస్తూ రబ్బరు అడుగు మీద కత్తితో గాట్లు పెట్టాడని చెబుతారు. పడవ బూట్ల అడుగున కనిపించే అలల గీతలు అక్కణ్నుంచే వచ్చాయి. ఆ గీతలు కూడా తడి చెక్కమీద, శుభ్రమైన రాయిమీద పనిచేసినంతగా నాచు మీద పనిచేయవు. నాచు మీద రబ్బరుకంటే ఫెల్ట్ అనే ఒత్తిన ఉన్నిలాంటి అడుగు మెరుగు. వాగుల్లో చేపలు పట్టేవాళ్లు చాలాకాలం అవే వాడారు. కానీ ఆ ఉన్నిలో చిక్కిన నాచు ఒక నీటి నుంచి ఇంకో నీటికి చేరుతోందని న్యూజిలాండ్ 2008లో ఆ బూట్లను నిషేధించింది. చివరికి నాచుకు మందు జోడు కాదు, కన్ను. ఆటు సమయంలో బయటపడిన రాళ్లమీద నల్లగా, ఆకుపచ్చగా మెరిసే పట్టీ ఎక్కడ ఉందో చూసి, దాన్ని తప్పించి నడవడమే. గరుకుగా, తెల్లటి చిన్న గుల్లలు కమ్మిన రాయి జోడు వేసుకున్నవాళ్లకు మెట్టు లాంటిది. ఒట్టి కాలికి అదే కత్తిపీట.

ఇంతవరకూ నడక గురించే. అసలు స్నార్కెలింగ్ మొదలయ్యేది ఫిన్స్‌తో, అంటే పాదాలకు తొడుక్కునే బాతు కాళ్లలాంటి రెక్కలతో. నీళ్లలో ముందుకు తోసే శక్తి వాటిదే, కాలికి ఏ జోడు వేసుకోవాలో తేల్చేది కూడా అవే. వీటి ఆలోచన పాతది. అమెరికా నేత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నతనంలోనే చేతులకు చెక్క పలకలు, అరికాళ్లకు ఒకరకం పావుకోళ్లు కట్టుకుని ఈది చూశాడు. పాదాలవి ఆయనకు నచ్చలేదు. ఈతలో తోపు కొంతవరకూ పాదం లోపలి పక్క నుంచీ, చీలమండ నుంచీ వస్తుందని, అరికాలికి పలక కడితే అది కుదరదని ఆయన గమనించాడు. ఇప్పటి రబ్బరు ఫిన్స్‌కు 1933లో ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియూ పేటెంటు పొందాడు.

ఫిన్స్‌లో రెండు జాతులు. ఒకటి పాదమంతా మడమతో సహా తొడుక్కునేది, ఫుల్ ఫుట్ అంటారు. రెండోది మడమ దగ్గర తెరిచి ఉండి, వెనక పట్టీతో బిగించుకునేది, ఓపెన్ హీల్. ఫుల్ ఫుట్ తేలిక, కాలికి అతుక్కుని ఉంటుంది. ఒట్టి కాలికో, పల్చటి సాక్స్ మీదో వేసుకోవాలి. ఓపెన్ హీల్‌ను బూటీల మీద, అంటే నియోప్రీన్ అనే నురుగు రబ్బరుతో చేసిన, గట్టి అడుగున్న మెత్తటి బూట్ల మీద వేసుకోవాలి. ఒట్టి కాలికి దాన్ని బిగిస్తే పట్టీ మడమను కోసేస్తుంది.

ఇక్కడే ఒక విషయం చాలామంది ఆలోచనకు రాదు. ఫుల్ ఫుట్ ఫిన్స్ వాడేవాళ్లు ఒడ్డుదాకా వేసుకొచ్చిన చెప్పుల్ని ఎక్కడ పెడతారు? ఒడ్డునే వదిలేస్తారు. నీళ్లలో నలభై నిమిషాలు తిరిగేసరికి ప్రవాహం ఎటో తీసుకుపోతుంది. దిగిన చోటే బయటపడాలన్న నియమం సముద్రానికి లేదు. బయటపడ్డ చోట రాళ్ల వరస ఉంటుంది, చెప్పులు రెండువందల మీటర్ల అవతల ఉంటాయి. ఫిన్స్ చేత్తో పట్టుకుని, అలసిన కాళ్లతో, ఒట్టి పాదాలతో ఆ రాళ్లు దాటాలి. ఈ ఒక్క దృశ్యాన్ని ముందే ఊహించుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది. రాళ్లూ గుల్లలూ ఉన్న ఒడ్డు నుంచి దిగేవాళ్లకు బూటీలూ, ఓపెన్ హీల్ ఫిన్సే సరైన జోడీ. ఒడ్డున నడిచిందీ, నీళ్లలో ఉన్నదీ, బయటికి వచ్చిందీ ఒకే జోడుతో. ఇసుక ఒడ్డయితే ఫుల్ ఫుట్ చాలు. పడవ మీంచి నేరుగా లోతులోకి దిగేవాళ్లకు అసలు నీటి అంచు అనేదే లేదు, వాళ్లకు ఫుల్ ఫుట్‌ను మించింది లేదు, బూటీలు ఒట్టి బరువు. రాళ్ల ఒడ్డుకు ఫుల్ ఫుట్ మాత్రమే చేతిలో ఉంటే, పల్చటి వాటర్ షూస్ వల సంచిలో పెట్టి నడుముకో, వెంట తేలే బోయాకో కట్టుకోవడం ఒక మధ్యేమార్గం.

వాటర్ షూస్ మీదే ఫుల్ ఫుట్ ఫిన్స్ తొడుక్కుందామన్న ఆలోచన మాత్రం పనికిరాదు. ఫిన్‌లో కాలు దూర్చే జేబు పాదం ఆకారానికి పోసింది, అందులో జోడు పట్టదు. బలవంతంగా తోస్తే పాదం నలిగి, పది నిమిషాల్లో అరికాలు పట్టేస్తుంది. ఒక సైజు పెద్దవి తీసుకుంటే అవి కాలిమీద ఊగుతూ బొబ్బలు తెస్తాయి. బొబ్బ వచ్చే చోట్లు కూడా ఎప్పుడూ అవే: బొటనవేలి పై కణుపు, మడమ వెనక. అందుకే సొంత ఫిన్స్ కాకుండా అద్దెవి వాడేవాళ్ల సంచిలో పల్చటి ఫిన్ సాక్స్ ఉండాలి. ఎవరి కాలికో కొలిచిన జేబుకీ తమ కాలికీ మధ్య తేడాను ఆ సాక్సే సర్దుతాయి.

ఫిన్స్ వేసి చూసేటప్పుడు నిలబడి చూడటం కంటే కూర్చుని, కాలు చాచి విదిలించడం మంచి పరీక్ష. మడమ లేవకూడదు, వేళ్లు తిన్నగా ఉండాలి, పాదం మీద ఎక్కడా ఒక్క చోటే నొక్కినట్టు ఉండకూడదు. ఓపెన్ హీల్ కొనేవాళ్లు బూటీలు తొడుక్కునే చూడాలి. బూటీల మందమే సైజును మార్చేస్తుంది. పొడుగు ఫిన్స్ వేగం ఇస్తాయి, పిక్కల్లో బలం అడుగుతాయి. మెల్లగా తేలుతూ చేపలు చూసేవాళ్లకు పొట్టివి చాలు.

బూటీల మందాన్ని నిర్ణయించేది నీటి చలి. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. డ్యూపాంట్ ప్రయోగశాలలో 1930లో పుట్టిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును నురుగులా మార్చితే, అందులోని వాయువు బుడగలు వేడిని ఆపుతాయి. వెచ్చటి సముద్రాల్లో 2, 3 మిల్లీమీటర్లు సరిపోతాయి, అక్కడ బూటీల పని వెచ్చదనం కాదు, అడుగు రక్షణ. చల్లటి నీళ్లకు 5 మిల్లీమీటర్లు, అంతకుమించీ కావాలి. మందం పెరిగేకొద్దీ కాళ్లు పైకి తేలతాయి. ఫిన్ నీళ్లు దాటి గాలిలో కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంటే దానికి బూటీల తేలుడు కూడా ఒక కారణం. అలాంటప్పుడు తుంటి నుంచి కాస్త లోతుగా తన్నడం అలవాటు చేసుకోవాలి.

ఫిన్స్‌తో ముందుకు నడవబోతే పడటం ఖాయం. నడుము లోతు వచ్చాక వేసుకోవాలి, ఒకరి భుజం ఆసరాగా పట్టుకుని. అప్పటికీ నడవాల్సి వస్తే వెనక్కి నడవాలి.

జోడు ఉన్నా ఆగని ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. ఒంటినిండా ముళ్లుండే సముద్రజీవి సీ అర్చిన్. దాని ముళ్లు మందపాటి అడుగుల్ని సాధారణంగా దాటలేవు గానీ, పల్చటి మేజోడు రకాన్నీ, జోళ్ల పక్కల బట్టనూ సులువుగా దాటి లోపల విరిగిపోతాయి. రాయిలా కదలకుండా పడుండే స్టోన్‌ఫిష్ వీపుమీద 13 విషపు ముళ్లుంటాయి, పల్చటి అడుగు వాటికి అడ్డు కాదు. ఇసుకలో కప్పుకుని పడుకునే టేకు చేప తోకముల్లు చీలమండ దగ్గర కొడుతుంది, జోడు అంచుకు పైన. అందుకే ఇసుక అడుగున్న చోట పాదం ఎత్తి వెయ్యకుండా ఈడుస్తూ నడవాలి. కదలిక తెలిసి చేప తనే తప్పుకుంటుంది. స్టోన్‌ఫిష్ గానీ టేకు గానీ గుచ్చితే, గాయాన్ని కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇక పగడాలు. మంచి జోడు ఉన్నవాళ్లకే వచ్చే దుర్బుద్ధి ఒకటి ఉంది: అలసిపోతే ఎక్కడ పడితే అక్కడ నిలబడటం. పగడపు దిబ్బ రాయి కాదు, బతికున్న జీవుల గూడు. గుండ్రటి ముద్దలా పెరిగే రకాలు ఏడాదికి 2 సెంటీమీటర్లు మించి పెరగవు, చాలావరకు అంతకంటే తక్కువే. ఒక మడమ విరగ్గొట్టింది తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. కరీబియన్‌లోని బొనైర్ సముద్ర పార్కులో గ్లవ్స్ వేసుకోనివ్వరు. చేతికి రక్షణ ఉంటే మనిషి పగడాన్ని పట్టుకుంటాడన్నది అందులోని తర్కం. కాళ్ల విషయంలో ఆ నియమం పెట్టలేరు, ఒడ్డు దాటాలి కదా. కాబట్టి బూటీలు ఇసుకమీదా, బండలమీదా వాడుకునేవే. అలసినప్పుడు ఆసరా కావాలంటే తేలే జాకెట్టు ఉంది.

ఇంటికొచ్చాక మంచినీళ్లలో కడగకపోతే ఉప్పు ఎండి రేణువులై బట్టను లోపలినుంచి కోస్తుంది. ఆరేసేది నీడలో. ఎండ వేడి నియోప్రీన్‌ను బిరుసెక్కిస్తుంది, జిగురును వదులు చేస్తుంది. అయితే ఎంత జాగ్రత్తగా దాచినా కొన్ని జోళ్లు దాచినచోటే పాడవుతాయి. పాలీయురెథేన్ అడుగులు గాలిలోని తేమకే ఏళ్ల తరబడి లోలోపల చివికి, పైకి కొత్తవిలా కనిపిస్తూ, మొదటి తడిలోనే ముక్కలవుతాయి. బీరువాలో మూడునాలుగేళ్లుగా ఉన్న జోడును ప్రయాణానికి వారం ముందు తీసి, రెండు చేతులా వంచి చూసి, బకెట్లో గంటసేపు నానబెట్టి, వరండాలో పది నిమిషాలు నడిచి చూడాలి. అడుగు ఊడేదుంటే అక్కడే ఊడుతుంది.